రెండుసార్లు చూసినంత మాత్రాన

ల్యాబ్ టెక్నీషియన్‌గా నా ఉద్యోగం ముప్పై నాలుగేళ్లు. సగం కర్నూలు పడమటి పల్లెల్లో, సగం కడప జిల్లాలో గడిచింది. పదవీ విరమణ రోజు వేదికెక్కిన ప్రతివాళ్లూ "ఒక్క తప్పు లేకుండా పనిచేసిన మనిషి సుగుణమ్మ" అన్నారు. శాలువా కప్పుకుని కూర్చుని విన్నాను. అది నిజం కాదు. ఆ పూట చెప్పడానికి వీలు కాలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఇది కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం. నరం ఎలా దొరకబుచ్చుకోవాలో, స్లైడు మీద రక్తం ఎంత పలచగా పరచాలో మీకు నేర్పించే ఉంటారు. రిజిస్టర్లు ఎలా రాయాలో మీ పై వాళ్లు రోజూ చెబుతూనే ఉంటారు. వాటి జోలికి నేను పోను. నాకు ఎవరూ నేర్పనిది, ఒక మనిషి కాపురం మీదికి తెచ్చాక నేర్చుకున్నది ఒకటుంది. దాని గురించే రాస్తాను.

సంచిలో బంతులు

ఇంటర్మీడియట్‌లో సంభావ్యత అని ఒక పాఠం ఉండేది. సంచిలో నాలుగు ఎర్ర బంతులు, ఆరు నల్ల బంతులు. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత? పదింట నాలుగు. ఎర్రది రాకపోయే అవకాశం? పదింట ఆరు. రెండూ కలిపితే ఒకటి. జరగనే జరగనిది సున్నా, జరిగి తీరేది ఒకటి, మిగతా లోకమంతా ఆ రెండింటి మధ్య. పరీక్ష రాశాను, మార్కులొచ్చాయి, మర్చిపోయాను. బంతులతో నాకేం పని అనుకున్నాను.

ల్యాబులో మనం రాసే మాటలు రెండే. ఉంది, లేదు. ఆ రెండు మాటలూ ఒకటీ సున్నాలాగా కనిపిస్తాయి. చీటీ అందుకున్న మనిషి కూడా అట్లాగే చదువుకుంటాడు. కానీ ఏ పరీక్షా ఒకటి దాకా పోదు, ఏదీ సున్నా దాకా దిగదు. మనం ఇచ్చేది ఎప్పుడూ మధ్యలోని సంఖ్యే. అది చెప్పకుండా చీటీ రాస్తే సగమే చెప్పినట్టు.

నా మొదటి మెడికల్ ఆఫీసర్‌కు ఈ మాట నచ్చేది కాదు. మంచి డాక్టరే. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలతో జనం బండ్ల మీద వస్తే తిండి మానేసి చూసేవాడు. కానీ ఆయనకు తొందర. "సుగుణమ్మా, ఉందా లేదా, అంతే చెప్పు. కథ వద్దు" అనేవాడు. ఏదైనా కిట్టు మీద గీత సన్నగా ఉంది సార్ అంటే, "సన్నదైనా గీత గీతే కదా" అనేవాడు. అలాంటి పై అధికారి మీకూ దొరుకుతాడు. ఆయన తొందర ఆయనకు అవసరమే, బయట వంద మంది ఉంటారు. దాన్ని మనం అరువు తెచ్చుకోకూడదు. నేను తెచ్చుకున్నాను.

లక్ష్మీదేవి

పేర్లు మార్చాను. ఊరు కోడుమూరుకు దగ్గర, అంతవరకే చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు గర్భిణులందరికీ హెచ్ఐవీ పరీక్ష చేయాలని ఉత్తర్వులొచ్చాయి. అప్పట్లో మా చిన్న ఆసుపత్రిలో కౌన్సెలర్ లేడు. ఒక రకం కిట్టు మాత్రం ఇచ్చారు. రక్తం చుక్క వేస్తే కాసేపటికి ఒక గీత వస్తుంది, అది కిట్టు పనిచేస్తోందని గుర్తు. రెండో గీత కూడా వస్తే దాన్ని రియాక్టివ్ అంటాం, అంటే అనుమానించాలని. అలా వచ్చినవాళ్లను కర్నూలుకు పంపితే అక్కడ వేరే వేరే కిట్టులతో తేలుస్తారు. కాగితం మీద నియమం అంతే స్పష్టంగా ఉంది.

లక్ష్మీదేవికి అప్పుడు ఇరవై ఏళ్లుంటాయి. తొలి కానుపు, ఆరో నెల. పొడుగు మనిషి, తక్కువ మాట. అత్త నరసమ్మ వెంట వచ్చింది. సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకోకుండా చూస్తూ కూర్చుంది. వేసవి, కరెంటు పోతూ వస్తూ ఉంది. రెండో గీత వచ్చింది.

నేను గాభరా పడ్డాను. అంతకుముందు ఎన్నో వందల మందికి చేశాను, ఒక్కరికీ రాలేదు. సరిగ్గా చూద్దామని అదే డబ్బాలోంచి ఇంకో కిట్టు తీసి, అదే రక్తంతో మళ్లీ చేశాను. మళ్లీ వచ్చింది. అప్పుడు నా మనసులో అనుమానం పోయింది. ఒకసారి పొరపాటు కావచ్చు, రెండుసార్లు ఎట్లా అవుతుంది?

నర్సు సరోజమ్మ కిటికీ దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది. "రెండుసార్లు చూసినాను, రెండుసార్లూ వచ్చింది. ఉన్నట్టే" అన్నాను. కిటికీ తెరిచే ఉంది. అవతల బెంచీ మీద నరసమ్మ కూర్చుని ఉంది. ఈ సంగతి ఎవరు బయటపెట్టారని తర్వాత డాక్టరు సరోజమ్మను నిలదీశాడు. సరోజమ్మ కాదు. నేనే.

మరునాడు భర్త ఈరన్నను పిలిపించి పరీక్ష చేశాం. అతనికి రాలేదు. మంచి వార్త చెప్పానని అనుకున్నాను. అతను చీటీ చూసుకుని వెళ్లిపోయాడు. నరసమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

"మావోనికి లేదు కదమ్మా?"

"లేదు పెద్దమ్మా."

"అట్లయితే దానికి యాడనుంచి వచ్చినట్లు?"

ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం కూడా జవాబే అయింది. సాయంత్రానికి లక్ష్మీదేవిని పుట్టింటికి పంపేశారు, నందికొట్కూరు అవతల పల్లెకు. ఆరో నెల కడుపుతో రెండు బస్సులు మారి ఒక్కతే పోయింది.

బొరుగుల లెక్క

పదకొండు రోజుల తర్వాత వాళ్లమ్మ మా ఆసుపత్రి చీటీ పట్టుకుని ఆమెను కర్నూలు తీసుకుపోయింది. అక్కడి ల్యాబులో పెద్దాయన ఖాదర్ సార్. కడప మనిషి, అప్పటికే తల పండింది. మూడు రకాల కిట్టులతో చేశారు. మొదటిదానిలో సన్నటి గీత వచ్చింది. అది మా దగ్గరున్న రకమే. మిగతా రెండింటిలో ఏమీ రాలేదు. నియమం ప్రకారం అలా వస్తే జబ్బు లేనట్టే. ఆయన ఆ చీటీ లక్ష్మీదేవికి ఇచ్చి, నన్ను రమ్మని కబురు పెట్టాడు.

తిడతాడని భయపడుతూ పోయాను. మధ్యాహ్నం తిండి వేళ. ఆయన బల్ల మీద వేరుశనగ పలుకులు కలిపిన బొరుగుల పొట్లం విప్పి ఉంది.

"కూర్చోమ్మా సుగుణా. ఏం చేసినావో చెప్పు, వరసగా" అన్నాడు.

చెప్పాను. రెండోసారి కూడా వచ్చింది కాబట్టి ఖాయమనుకున్నానని కూడా చెప్పాను.

"మీ కిట్టు మంచిదేనా?"

"మంచిదే సార్."

"నూరు మంది ఆరోగ్యంగా ఉన్నోళ్లకు చేస్తే ఎంతమందికి ఉత్తపుణ్యానికి గీత చూపిస్తాదనుకుంటావు?"

"ఒకరికేమో సార్."

"సరే, ఒకరే అనుకుందాం. ఇప్పుడు ఈ పొట్లంలో వెయ్యి బొరుగులుండాయనుకో. అంటే వెయ్యి మంది కడుపుతో ఉండే ఆడోళ్లు. మీ పల్లెల్లో ఈ జబ్బు నిజంగా ఉండేది ఎంతమందికి? శానా తక్కువ. ఇద్దరికనుకో." రెండు వేరుశనగ పలుకులు తీసి పక్కన పెట్టాడు. "ఈ ఇద్దరినీ కిట్టు పట్టుకుంటాది. మంచి కిట్టే కదా. మిగతా తొమ్మిది వందల తొంభై ఎనిమిది మందిలో నూటికి ఒకరు చొప్పున?"

"పది మంది సార్, దగ్గర దగ్గర."

ఆయన పది బొరుగులు లెక్కపెట్టి ఆ పలుకుల పక్కన పెట్టాడు. "గీత వచ్చినోళ్లంతా వీళ్లే. పన్నెండు మంది. వీళ్లలో నిజంగా జబ్బుండేది?"

"ఇద్దరికే."

"చూడమ్మా, మీ కిట్టు నూటికి తొంభై తొమ్మిది నిజమే చెప్పింది. అయినా గీత వచ్చిన ప్రతి ఆరుగురిలో అయిదుగురికి ఏమీ లేదు. కిట్టు ఎంత మంచిదనేది ఒగ ప్రశ్న. గీత వచ్చిన మనిషికి జబ్బుండే అవకాశం ఎంతనేది ఇంకో ప్రశ్న. నువ్వు మొదటిదానికి జవాబు తెచ్చి రెండోదాని కింద రాసినావు."

ఆ సంఖ్యలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊళ్లో ఎంత, మీ కిట్టుకు ఎంత అన్నది మీరు కనుక్కోవాలి. కానీ లెక్క నడిచే తీరు ఏ ఊళ్లోనైనా ఇదే. జబ్బు అరుదైన చోట, మంచి పరీక్ష కూడా దొంగల కంటే దొరలనే ఎక్కువ పట్టిస్తుంది. ఒక సంగతి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగి ఉండే అవకాశాన్ని పుస్తకాల్లో షరతు సంభావ్యత అంటారు. నేను ఇంటర్లో ఆ పేరు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

"కానీ రెండుసార్లు వచ్చింది సార్" అన్నాను. అప్పటికీ నా మొండితనం పోలేదు.

ఆయన బొరుగులు నోట్లో వేసుకుని కాసేపు నమిలాడు. "నూటికి ఒగసారి తప్పు, దాని మీద మళ్లీ నూటికి ఒగసారి తప్పు. గుణిస్తే పదివేలకు ఒగటి. అదే కదా నీ మనసులో లెక్క?"

"అదే సార్."

"ఆ గుణకారం ఎప్పుడు చెల్లుతాదంటే, రెండు పరీక్షలకూ ఒగదానితో ఒగదానికి సంబంధం లేనప్పుడే. నీ రెండు కిట్టులూ ఒగే డబ్బాలోవి. రక్తం ఒగటే. ఆయమ్మ రక్తంలో ఏదో ఉండి మొదటి కిట్టును మోసం చేసింటే, రెండోదాన్ని గూడా అదే మోసం చేస్తాది. డబ్బా ఎండకు చెడిపోయింటే రెండూ చెడిపోయుంటాయి. నువ్వు రెండుసార్లు చూడలేదమ్మా. ఒగసారి చూసి, రెండుసార్లు రాసుకున్నావు."

అది నేను ముప్పై నాలుగేళ్లలో విన్న అతి ముఖ్యమైన మాట. మీరు గోడకు రాసుకున్నా తప్పు లేదు.

లేచి రాబోతుంటే ఆయనే ఆపాడు. "మొగునికి లేదని వచ్చింది కదా. దాన్ని ఏమని అర్థం చేసుకున్నారు?"

"ఆమెకు ఇంకెక్కడినుంచో వచ్చిందని అనుకున్నారు సార్, వాళ్లు."

"వాళ్లు సరే. నువ్వు?"

నేనూ అంతేనన్నట్టు తల ఊపాను.

"మొగునికి లేదంటే పెళ్లానికి ఉండే అవకాశం తగ్గినట్లు. ఆ చీటీ ఆయమ్మ పక్కన నిలబడే సాక్ష్యం. దాన్ని తీసుకుపోయి ఆయమ్మ మీదనే మోపినారు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నోటితో పోయిన మాట

నేను మొదట లక్ష్మీదేవి పుట్టింటికి వెళ్లాను. మా నాన్న మా ఊరి చర్చిలో పెద్ద. తప్పు చేస్తే ఆ మనిషి ఎదుటే ఒప్పుకోవాలని ఆయన నేర్పింది నాకు.

ఆమె నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. నీకు జబ్బు లేదు, నాది తొందర, నాది తప్పు అన్నాను.

"కర్నూల్లో సారోళ్లు చీటీ ఇచ్చినారు. నేను చదువుకున్నా" అంది.

"నన్ను ఏం చేయమంటావు తల్లీ?"

"మా అత్తోళ్ల ఊర్లో చీటీ చదివేటోళ్లు లేరు. నువ్వు నోటితో అన్న మాట ఆడికి పోయింది. నోటితోనే పోయి వెనక్కి తెచ్చుకో."

ఒకరి పరీక్ష సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది నియమం. ఆమె అడిగింది కాబట్టి, ఆమె ఎదుటే చెప్పాను. మరుసటి ఆదివారం ముగ్గురం వెళ్లాం, ఆమె, వాళ్లమ్మ, నేను. లక్ష్మీదేవి లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుంది. ఈరన్న ఎద్దులకు సొప్ప వేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో కట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమప్పా ఈరన్నా, నేను తప్పు చెప్పినా. నీ పెండ్లానికి ఏ జబ్బూ లేదు" అన్నాను.

"ఆ పొద్దు రెండుతూర్లు సూసినా, రెండుతూర్లూ వచ్చిందంటివి కదా మేడం. ఇప్పుడు లేదంటాండావు. కర్నూల్లో గూడా ఒగదాంట్లో గీత వచ్చిందంట. ఏది నమ్మేది?"

అతను అడిగింది సరైన ప్రశ్న. డిప్లొమా చదివిన నేను అడగాల్సిన ప్రశ్న అది. బొరుగుల లెక్క చెబుదామనుకున్నాను కానీ ఆ వాకిట్లో వెయ్యీ పన్నెండూ నిలవవనిపించింది.

"మీ కళ్లంలో సెనక్కాయ మూట పోయిందనుకో. చూసినోడు ఒగడే. వాన్ని పొద్దున అడిగినావు, ఒగ పేరు చెప్పినాడు. మళ్లీ సాయంత్రం అడిగినావు, అదే పేరు చెప్పినాడు. నీకు సాక్షులు ఎంతమంది?"

"ఒగడే."

"వాని కండ్లు సరిగ్గా కనపడవనుకో."

"రెండుతూర్లూ తప్పే చెప్తాడు."

"నేను చేసింది అదే. ఒగే సాక్షిని రెండుతూర్లు అడిగినా. కర్నూల్లో ఆ సాక్షిని అడిగినారు, వాడు మళ్లీ అదే చెప్పినాడు. కానీ వానితో సంబంధం లేని ఇద్దరిని గూడా అడిగినారు. ఇద్దరూ లేదన్నారు."

ఈరన్న చేతిలోని కట్ట కింద పెట్టాడు. గడప మీద నుంచి నరసమ్మ అంది: "అదంతా సరేలేమ్మా. నా కొడుక్కు లేదని నువ్వే కదా చెప్తివి. దానికేంటికి వచ్చింది?"

"నీ కొడుక్కు లేదు కాబట్టే నీ కోడలికి గూడా లేదని నేను ఆ పొద్దే అనుకోవాల్సింది పెద్దమ్మా. నువ్వు అడిగినప్పుడు నోరు మూసుకున్నా. అది గూడా నాదే తప్పు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఈరన్న నా దగ్గరికి వచ్చి, భార్యకు వినపడనంత మెల్లగా అడిగాడు. "నూటికి నూరా మేడం?"

నాకు తెలుసు, నూటికి నూరు కాదు. నూటికి తొంభై తొమ్మిదికి పైన, ఇంకా పైన, కానీ నూరు కాదు. అతని మొహం చూశాను. అరుగు మీద ఆమె వీపు చూశాను.

"నూటికి నూరు" అన్నాను.

తర్వాత ఖాదర్ సార్‌తో ఈ సంగతి చెప్పాను. ఆయన "నేను గూడా అదే అంటాంటినేమో" అన్నాడు. మీరైతే ఏమంటారో నాకు తెలియదు. అది సరైనదని నేను మీకు నేర్పలేను.

లక్ష్మీదేవి ఆ రోజు ఆ ఇంట్లోకి అడుగు పెట్టలేదు. ఈరన్న రమ్మని పిలిచాడు కూడా. "ఇప్పుడు కాదు" అని లేచి వాళ్లమ్మతో నడిచింది. కానుపు పుట్టింట్లోనే అయింది, ఆడపిల్ల. ఈరన్న పోతూ వస్తూ ఉండేవాడని విన్నాను. పిల్లకు ఏడాది నిండబోతుండగా అతనే ఊరు వదిలి నందికొట్కూరుకు మారాడు. మార్కెట్ యార్డులో హమాలీ పని దొరికింది. అక్కడ కాపురం పెట్టారు. నరసమ్మ వాళ్లింటికి రాలేదు, వీళ్లూ పోలేదు. నేను చెప్పిన ఒక్క మాటకు అయిన ఖర్చు అది. అందులో ఏదీ నేను తిరిగి ఇవ్వగలిగింది కాదు.

ఆ గీత ఎందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి అలా వస్తుందంటారు. ఎండ కావచ్చు. తెలియనిదాన్ని తెలియదనే చెప్పడం మంచిది.

ఇంకో గదిలో అదే తప్పు

ఆ పాఠంతో నేను జాగ్రత్తపరురాలిని అయిపోయానని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కడప జిల్లాకు బదిలీ అయ్యాక అదే తప్పు మళ్లీ చేశాను, తల్లకిందులుగా.

మంగంపేట గనుల వైపు నుంచి ఓబులేసు అనే మనిషి వచ్చాడు. రాయి ఎత్తే కూలి. మూడు నెలలుగా దగ్గు. "దుమ్ములో పని కదా మేడం, అందరికీ ఉండేదే" అన్నాడు. క్షయ ఉందేమో చూడమని డాక్టరు రాశాడు. కళ్లె పరీక్షకు ఒక నమూనా అప్పుడే ఇవ్వాలి, ఇంకొకటి మర్నాడు పొద్దున నిద్ర లేవగానే తీసి తేవాలి. అతను చాలా దూరం నుంచి వచ్చాడు. మళ్లీ రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. జాలిపడి, ఇచ్చిన ఒక్క నమూనానే రెండు స్లైడ్లు చేసి చూశాను. రెండింటిలోనూ క్రిములు కనపడలేదు. లేదని రాశాను.

లెక్క మీరే చూడండి. జబ్బున్న మనిషి ఇచ్చిన ఒక నమూనాలో క్రిములు కనపడకుండా పోయే అవకాశం పదింట నాలుగు అనుకుందాం. వేరు వేరు పూటల తీసిన రెండు నమూనాలైతే, రెండింటిలోనూ తప్పిపోయే అవకాశం నాలుగు నాలుగుల పదహారు, నూటికి. అంటే ఒక్కదానిలోనైనా దొరికే అవకాశం నూటికి ఎనభై నాలుగు. 'ఒక్కటైనా' అన్న మాట వచ్చినప్పుడల్లా ఇలా తిరగేసి లెక్కపెట్టండి: ఒక్కటీ దొరకని అవకాశం కనుక్కుని, ఒకటిలోంచి తీసేయండి. కానీ ఒకే నమూనాను రెండు స్లైడ్ల మీద పరిస్తే గుణకారం చెల్లదు. ఆ పూట కళ్లెలో క్రిమి లేకపోతే పది స్లైడ్లు పరిచినా రాదు.

ఓబులేసు నాలుగు నెలల తర్వాత రక్తం కక్కుతూ వచ్చాడు. ఈసారి భార్య ఎత్తుకొచ్చినంత పని చేసింది. మందులు వాడి బతికాడు. ఆ నాలుగు నెలల్లో ఆమెకూ అంటుకుంది. ఆమె కూడా మందులు వాడింది, బాగుపడింది. మొదటిసారి తను ఇంకో నమూనా తేవాల్సిందని అతనికి తెలియదు. చెప్పాను.

"మళ్లీ రమ్మంటే వచ్చేటోన్నే కదా మేడం" అన్నాడు, అంతే.

పాఠం ఒక గదిలో నేర్చుకుంటే ఇంకో గదిలోకి దానంతట అది రాదు. నేను దాన్ని రక్తం కిట్టుల పాఠంగా నేర్చుకున్నాను. జాలి వేసినప్పుడు కూడా గుర్తుండాల్సిన పాఠంగా నేర్చుకోలేదు.

మీరు చాలాసార్లు వినే ఇంకో మాట గురించి కూడా చెప్పాలి. "వరసగా రెండు వందల మందికి ఏమీ రాలేదు, ఇప్పుడు ఒకటి రావాల" అంటారు. రానవసరం లేదు. రెండు వందల ఒకటో మనిషికి వెనకటి రెండు వందల మంది ఎవరో తెలియదు. ఆ మాట మనసులో పెట్టుకుని చూస్తే లేని గీత కనిపిస్తుంది. అయితే ఒక్క పొద్దులో ముగ్గురికి వరసగా వస్తే మాత్రం మనుషుల్ని అనుమానించకముందు ఫ్రిజ్ తలుపు తెరిచి చూడండి. నేనొకసారి చూశాను. లోపల కిట్టులు వేడన్నం గిన్నెలాగా ఉన్నాయి.

రెండో కానుపు

ఇది నేను కడపకు వెళ్లకముందు జరిగింది. వరస తప్పించి చివరికి ఉంచుకున్నాను.

లక్ష్మీదేవి పుట్టింటికి పోయిన మూడేళ్లకు మా ఆసుపత్రికి వచ్చింది, మళ్లీ కడుపుతో. నందికొట్కూరులోనే ఆసుపత్రి ఉంది. రెండు బస్సులు మారి ఇంత దూరం రావాల్సిన పని లేదు. ఈరన్న పిల్లను ఎత్తుకుని చెట్టు కింద నిలబడ్డాడు.

"ఈడిదాకా ఏంటికొచ్చినావమ్మా?" అన్నాను.

"ఒగతూరి తప్పు చేసినామె రెండోతూరి బాగా చూస్తాదని" అంది. నవ్వలేదు. కోపంగానూ అనలేదు.

కిటికీ మూశాను. తలుపు వేశాను. ఏ పరీక్ష చేస్తున్నానో, గీత వస్తే దాని అర్థం ఏమిటో, రాకపోతే ఏమిటో, గీత వచ్చినా అప్పుడే ఏమీ తేలినట్టు కాదని, సూది గుచ్చకముందే చెప్పాను. ఆమె మునుపటిలాగే మొహం తిప్పుకోకుండా చూస్తూ కూర్చుంది. పావు గంట ఆగాం. రెండో గీత రాలేదు. గడియారం చూసి, ఇంకా అయిదు నిమిషాలు ఆగి, చీటీ రాసి ఆమె చేతికిచ్చాను.

చదువుకుని మడిచింది. లేవలేదు.

"ఇది నూటికి నూరా?" అంది.

మొగుడు అడిగిన మాటే. అప్పుడు నేనిచ్చిన జవాబు ఆమెకు చేరిందో లేదో నాకు తెలియదు.

"కాదమ్మా. తొంభై తొమ్మిదికి శానా పైన. నూరు మాత్రం నా దగ్గర లేదు. ఏ డబ్బాలోనూ రాదు."

ఆమె చీటీ కొంగున ముడి వేసుకుని లేచింది. తలుపు గడియ తీస్తూ అంది: "ఆ పొద్దు ఈ మాట చెప్పింటే సాలుండె."